పాట మొదలయ్యే చోటు

అసిరయ్యకు కొండపాట మొత్తం వచ్చు. వచ్చని అందరికీ తెలియాలన్నది కూడా అతని కోరిక. అందుకే రోజూ పొద్దున్నే మఠం అరుగు మీద కూర్చుని గొంతెత్తి పాడేవాడు.

మబ్బుకొండ సముద్రానికి దగ్గరగా ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ కాలం పొగమంచులోనే మునిగి ఉంటుంది. కింద ఊళ్ళవాళ్ళకు కొండ కనపడేది కాదు, పాట మాత్రం వినపడేది. కొండే పాడుతోందని పిల్లలు అనుకునేవారు. ఆ మాట ఎవరో చెబితే అసిరయ్య పైకి సిగ్గుపడి, మర్నాడు ఇంకాస్త గట్టిగా పాడాడు.

కొండపాట సంగతి ముందు చెప్పాలి. ఎప్పటివాడో ఒక గురువు కొండ అడుగు నుంచి శిఖరం దాకా నడుస్తూ, దారిలో కనపడిన చెట్టునూ తీగనూ వేరునూ ఊటనూ వరసగా పాట కట్టాడు. ఏ మలుపులో ఏ మొక్క ఉందో, అది ఏ జబ్బుకు పనికొస్తుందో అంతా అందులోనే ఉంది.

'మొదటి మలుపున అడ్డసరము, ముసలి దగ్గుకు మాట చెప్పును. రాతి నీడన నేల ఉసిరి, పసుపు కన్నును తెలుపు చేయును.'

ఇలా సాగుతుంది. మొదలుపెట్టి ముగించేసరికి పొయ్యి మీద అన్నం ఉడికి, దించాక చల్లారిపోతుంది కూడా. శిష్యుడన్నవాడు అరుగు మీద కూర్చుని దీన్ని కంఠతా పట్టాలి. పట్టాక గురువు అతని భుజానికి మందుల జోలె తగిలించి పంపుతారు. ఆ రోజు నుంచి అతను ఒక ఊరికి వైద్యుడు.

అసిరయ్యది కొటారుపాలెం. సముద్రపు నీటిని మడుల్లోకి పెట్టి, ఎండకు ఆరనిచ్చి, ఉప్పు గీసుకుని బతికే ఊరు. అక్కడ వైద్యుడు లేడు. ఒక వానాకాలం అసిరయ్య తల్లికి జ్వరం వచ్చింది. వైద్యుడు ఏటికి అవతలి ఊళ్ళో ఉన్నాడు. ఏరు పొంగింది, పడవ కదల్లేదు. తల్లి పోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉండటం అసిరయ్య వల్ల కాలేదు. కొండెక్కి వచ్చి మఠంలో పాట నేర్పే గురువు పైడిస్వామి కాళ్ళ మీద పడ్డాడు.

ఇప్పుడు అతను అప్ప అని పిలిచే అక్క గౌరమ్మ కడుపుతో ఉంది. కొండ మీదికి ఉప్పు మోసుకొచ్చిన మనిషి కబురు తెచ్చాడు.

"నెల్లు నిండుతున్నాయి బాబూ. ఊర్లో మందు తెలిసినోడు ఒకడుంటే ధైర్యంగుంటాది, తమ్ముడు బేగి వొచ్చేస్తే బాగున్ను అంటన్నాది మీ అప్ప."

ఆ మాట వినగానే అసిరయ్య గురువు దగ్గరికి పరుగెత్తాడు. పైడిస్వామి పొయ్యి ముందు కూర్చుని అల్లం దంచుతున్నారు.

"సామీ, పాటంతా వొచ్చింది. జోలె ఇప్పించండి. మా అప్ప కాడికి ఎల్లాల."

"సూద్దాంలే."

"ఎక్కడైనా తప్పుంటే సెప్పండి."

"తప్పేటీ నేదు. శానా బాగా పాడతన్నావు."

"మరెందుకు సామీ?"

పైడిస్వామి ఒక అల్లం ముక్క అతని చేతిలో పెట్టి, మళ్ళీ దంచుకోసాగారు. గురువులతో వచ్చిన చిక్కే ఇది. అడిగినదానికి జవాబు చెప్పరు, అడగనిది చేతిలో పెడతారు. అసిరయ్య ఆ ముక్కను కోపంగా నమిలి, ఘాటుకు కళ్ళు తుడుచుకుంటూ బయటికి నడిచాడు.

ఆ వారంలోనే జరిగింది. పొగమంచు అరుగు దాకా వచ్చి ఆగిన ఉదయం. పైడిస్వామి నీళ్ళ కోసం పై ఊటకు వెళ్ళారు. మంచులోంచి ముందు ఒక ఏడుపు వినిపించింది, తర్వాత మనుషులు కనిపించారు. ఒక ఆడమనిషి, ఆమె వెనకే భర్త, అతని భుజం మీద చిన్నపిల్ల.

"పిల్లకి ఊపిరాడ్నేదు బాబూ! సామేరీ?"

"సామి ఊటకెల్లారు. నానున్నాను గదా. ఇలగ కూకోండి."

అసిరయ్య గుండె దడదడలాడింది. అయినా ఆ దడలో కొంచెం సంతోషం కూడా ఉంది. ఇన్నాళ్ళకు తన పాటకు పని పడింది. ఊపిరి బిగిస్తే ఏం చేయాలో పాటలో ఉంది. ఎక్కడో ఉంది, తప్పకుండా ఉంది. అతను అరుగు మీద సర్దుకు కూర్చుని, కళ్ళు మూసుకుని, మొదటి మలుపు నుంచి అందుకున్నాడు.

పాట మొదటి ఊట దాకా వచ్చేసరికి పిల్ల గొంతులోంచి కుక్కపిల్ల మొరిగినట్టు ఒక దగ్గు వచ్చింది. అసిరయ్య ఉలిక్కిపడ్డాడు. వరస తెగిపోయింది. మధ్యలో తెగితే మధ్య నుంచి ఎత్తుకోవడం అతనికి రాదు. అరుగు మీద నేర్చిన పాట అది, అక్కడి పద్ధతే అంత. మొదటికి వెళ్ళాల్సిందే. మళ్ళీ మొదటి మలుపు, మళ్ళీ అడ్డసరం. ఈసారి వేగంగా పాడాడు. వేగానికి నాలుక తడబడి ఇంకోసారి తెగింది.

"ఏటి బాబూ ఇది! పిల్ల పోతంటే నువ్వు పాటలు పాడతన్నావు!" తల్లి గుండెలు బాదుకుంది.

అసిరయ్య ఒళ్ళంతా చెమట పట్టింది. పిల్ల పెదవులు రంగు మారుతున్నాయి. అతని నోరు మాత్రం నేల ఉసిరి దగ్గరే కొట్టుకుంటోంది.

అప్పుడు మంచులోంచి పైడిస్వామి వచ్చారు. కుండ కింద పెట్టి, పిల్ల డొక్కలు ఎగిరిపడటం ఒక్క చూపు చూశారు. గుమ్మం పక్కనున్న పొదలోంచి ఒక రెమ్మ విరిచి పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళలో పడేశారు. తల్లినీ పిల్లనూ పక్కపక్కనే కూర్చోబెట్టి, ఆవిరి పోకుండా దుప్పటి కప్పారు.

చాలాసేపు దుప్పటి కింద గరగర శబ్దం వినపడింది. తర్వాత అది మెత్తబడింది. ఆ తర్వాత పిల్ల నీళ్ళు కావాలని ఏడ్చింది. ఆ ఏడుపు విని తండ్రి నేల మీద చతికిలబడి తనూ ఏడ్చాడు.

గుమ్మం పక్కన ఉన్నది వావిలి. అసిరయ్య రోజూ తడి తువ్వాలు ఆరేసుకునేది దాని మీదే.

పొద్దెక్కాక వాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు తల్లి అసిరయ్య వైపు తిరిగి, "ఆ గాబరాలో ఏదో అనేసినాను. నీ పాట బాగుంది బాబూ" అంది. ఆమె తిట్టినా అతనికి అంత బాధ ఉండేది కాదు.

"సామీ, వావిలి పాటలో ఉంది" అన్నాడు అసిరయ్య తల దించుకుని. "పెద్ద మలుపు దాటినాక."

"ఉంది."

"అది నాకొచ్చు."

"వొచ్చు."

"మరి నాకెందుకు అందనేదు?"

పైడిస్వామి ఖాళీ కుండ బోర్లించారు. "రేపు పొద్దున్న నాతో రా" అన్నారు.

అసిరయ్యకు ఆ రోజు అన్నం సహించలేదు. ఆ దుప్పటి కింద ఉన్నది తన అప్ప అయితే ఏమయ్యేది? అప్ప ఊపిరికి కొట్టుకుంటుంటే పక్కన కూర్చుని మొదటి మలుపు పాడుతూ ఉండేవాడు.

మర్నాడు మంచు మరీ దట్టంగా ఉంది. చాచిన చెయ్యి కనపడడం లేదు. పైడిస్వామి అతని మణికట్టు పట్టుకుని, దారి వదిలేసి, అడ్డంగా చెట్ల మధ్యకు తీసుకుపోయారు. ఏ మలుపులో ఉన్నారో, ఎక్కుతున్నారో దిగుతున్నారో అసిరయ్యకు తెలియడం మానేసింది. అడుగు వేస్తే నేల ఉంటుందని నమ్మి వేయడమే. తెల్లగా, చల్లగా, ఎటు చూసినా ఒకేలా ఉంది.

ఒకచోట ఆగి గురువు ఏదో ఆకు నలిపి అతని ముక్కు దగ్గర పెట్టారు.

"ఎవులు?"

"వావిలి సామీ. పెద్ద మలుపు దాటినాక..."

"మొక్క పేరు అడగనేదు. ఎవులు?"

ఆకును పెట్టి ఎవరని అడగడం ఏమిటో అసిరయ్యకు అర్థం కాలేదు. ఆకు ఇంకా ముక్కు దగ్గరే ఉంది. ఆ వాసన లోపలికి పోయి, ఎక్కడో మూసి ఉన్న తలుపు తట్టింది. పెరట్లో కాగుతున్న నీళ్ళు. పొగ. మంచం కోడుకు ఆనుకుని తడి జుట్టు ఆరబెట్టుకుంటున్న అప్ప. ఆమె ఒళ్ళో ఎర్రగా, ముడతలు ముడతలుగా మేనకోడలు.

"మా అప్ప" అన్నాడు అసిరయ్య నెమ్మదిగా. "తొలికానుపు అయినప్పుడు నీళ్ళలో ఇదే ఏసేవోరు. ఏటి గట్టుకెల్లి నానే కోసుకొచ్చీవోణ్ణి."

"ఆ పసిదానికో?"

"ముక్కు బిగిస్తే ఆవిరి సూపించీవోరు."

"ఎవులు?"

ఆవిరి చూపించింది ఎవరో చెప్పకుండా అసిరయ్య గొంతెత్తి మొదటి మలుపు పాట అందుకున్నాడు. పైడిస్వామి మళ్ళీ అడగలేదు. మణికట్టు పట్టుకుని ముందుకు నడిచారు.

తర్వాత రోజులన్నీ అలాగే గడిచాయి. మంచు, నడక, ముక్కు దగ్గర ఒక ఆకు, "ఎవులు?" అన్న ప్రశ్న. అడ్డసరం వాసన చూస్తే తాత వచ్చాడు. మడి గట్టు మీద కూర్చుని ఉప్పుకు కాపలా కాస్తూ దగ్గే తాత. తాత దగ్గు తూర్పుగాలి తిరిగినప్పుడే ఎక్కువయ్యేది. గాలి గుర్తుకొస్తే గాలికి కళ్ళు ఎర్రబడే పడవవాడు గుర్తుకొచ్చాడు, అతని కళ్ళకు పెట్టే నందివర్ధనం పువ్వు వచ్చింది. నేల ఉసిరి పట్టుకుంటే పక్కింటి ఎండుచేపల సూరమ్మ పచ్చటి కళ్ళతో వచ్చి నిలబడింది. ఆమె వెంట ఆమె తినకూడదన్న కూరలన్నీ వచ్చాయి. ఒకరిని పిలిస్తే పదిమంది వస్తున్నారు. కొటారుపాలెం జనమంతా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కొండెక్కి వస్తున్నట్టు ఉంది.

వచ్చినవాళ్ళందరూ చివరికి ఒక్క మనిషి దగ్గరికే చేరుతున్నారు. తాతకు కషాయం పెట్టింది ఆమె. పడవవాడి కళ్ళలో పువ్వు పిండింది ఆమె. సూరమ్మకు పథ్యం వండి పంపింది ఆమె. అసిరయ్య ఆమె దాకా వచ్చి ఆగిపోతున్నాడు. కొండెక్కినప్పటి నుంచి అతను చేస్తున్నది అదే. అమ్మ గుర్తుకొస్తే పాట గట్టిగా పాడి, ఆ గుర్తును తోలేసేవాడు. పాట అంత తొందరగా ఎలా వచ్చిందా అని మఠానికి వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు.

ఒక ఉదయం గురువు చిన్న ఆకు ఒకటి అతని నాలుక మీద పెట్టారు. చేదు గొంతు దాకా దిగింది. నేలవేము. జ్వరానికి వాడేది.

"ఎవులు?"

అసిరయ్య ఆ తడి గడ్డిలోనే కూలబడిపోయాడు.

"మా అమ్మ" అన్నాడు. "మా పెరటి ఎనకాల ఇది గుత్తులు గుత్తులుగా ఉండీది సామీ. నాను దీని మీంచే నడిసెల్లి పడవ కోసం గట్టున నిలబడ్డాను. జొరంతో అమ్మకి తెలివి నేదు. ఇది మందని నాకు తెలీదు సామీ. నాకు తెలీదు."

వెక్కి వెక్కి ఏడ్చాడు. తల్లి పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు. పైడిస్వామి పక్కనే తడి నేల మీద కూర్చున్నారు. ఆయన కళ్ళు కూడా తడిసే ఉన్నాయి, మంచు వల్లో మరెందువల్లో చెప్పలేం. వాళ్ళిద్దరి చుట్టూ తెల్లదనం నెమ్మదిగా కదులుతూ ఉంది.

ఆ మధ్యాహ్నం అసిరయ్య ఒక బండకు ఆనుకుని నిద్రపోయాడు. కలలో కొండ మీద ఉప్పు మడులు ఉన్నాయి. మెట్లు మెట్లుగా, మబ్బుల మధ్య, నిండా నీళ్ళతో మెరుస్తున్నాయి. గట్ల మీద ఊరి జనం ఎవరి పనులు వాళ్ళు చేసుకుంటున్నారు. దగ్గరికి వెళితే ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క ఆకు వాసన. నడుమ అమ్మ ఉప్పు గీస్తోంది. అతన్ని చూసి, "ఎండన పడొచ్చినావు, మంచినీల్లు తాగినావేట్రా?" అంది. అతను ఆమె దగ్గర నుంచి తాత దగ్గరికి, తాత నుంచి పడవ దగ్గరికి, అక్కడి నుంచి మళ్ళీ అమ్మ దగ్గరికి తిరుగుతూనే ఉన్నాడు. ఏ గట్టు మీద ఎటు తిరగాలో ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది.

మెలకువ వచ్చాక అలవాటుగా పాట అందుకోబోయాడు. మొదటి చరణం రాలేదు. తల విదిలించి మళ్ళీ ప్రయత్నించాడు. రాలేదు. అతనికి ప్రాణాలు పోయినంత పనైంది. పరుగు పరుగున మఠానికి వచ్చిపడ్డాడు.

"సామీ! పాట ఇరిగిపోనాది!"

పైడిస్వామి అంబలి కలుపుకుంటున్నారు. "ఏ కాడికి ఇరిగింది?"

"మొదలు దొరకడం నేదు. దేన్ని పట్టుకుంటే అక్కణ్ణించే వొస్తన్నాది. తాత దగ్గు పట్టుకుంటే అడ్డసరం వొస్తన్నాది, ఎనకాలే గాలి, గాలెంట నందివర్ధనం. సూరమ్మని తల్సుకుంటే ఇంకో పక్కకి పోతన్నాది. అన్నీ మా అమ్మ కాడికే వొచ్చి, మల్లీ అక్కణ్ణించే బయల్దేరతన్నాయి. నా సదువంతా పాడైపోనాది సామీ!"

"రానీరా. అందరికంటే ముందు నీకు తెలిసింది ఆవిడే గదా" అన్నారు పైడిస్వామి. ఇంకో చిప్పలో అంబలి పోసి అతని ముందుకు తోశారు. "ముందు తాగు."

అసిరయ్య తాగుతూ తాగుతూ ఆగాడు. అంబలిలో ఉప్పు నాలుకకు తగిలింది.

"సామీ, మా మడుల గట్ల మీద ఒక ఆకుంటాది. ఎర్రటి కాడ, కొరికితే ఉప్పగా ఉంటాది. ఉప్పునీల్లలో నిలబడి కాల్లు పగిల్తే మా అమ్మ నూరి పూసీది. అది పాటలో నేదు."

"నాకూ తెలీదు."

అసిరయ్య గురువు ముఖంలోకి చూశాడు. ఆయన ఆ మాట అనడం అతను ఎప్పుడూ వినలేదు.

"మరి దాన్నెక్కడ పెట్టాల?"

"నన్నడిగితే? దానికి సుట్టాలెవులో నీకే తెలుస్తాది."

అసిరయ్య ఆలోచించాడు. పగిలిన కాళ్ళు. కాళ్ళకు అమ్మ ముందు రాసే వేపనూనె. నూరేటప్పుడు కలిపే పసుపు. అతనికి తెలియకుండానే నోట్లోంచి ఒక చరణం బయటికి వచ్చింది. వేపకూ పసుపుకూ నడుమ, కొండ ఎప్పుడూ చూడని ఆ ఉప్పు ఆకు ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు సర్దుకు కూర్చుంది.

పైడిస్వామి చెయ్యి కడుక్కుని వచ్చి, అరుగు మీద శిష్యులు కూర్చునే చోట కూర్చున్నారు.

"మల్లీ పాడు. నాకు రావాల" అన్నారు.

అసిరయ్య పాడాడు. పెద్దాయన మధ్యలో తప్పారు. అసిరయ్య నవ్వు ఆపుకుని, ఆయన తప్పిన చోటి నుంచే అందించాడు.

కొటారుపాలెం నుంచి మళ్ళీ ఉప్పు వచ్చింది. అప్పకు ఇంకా నొప్పులు రాలేదట, రేపోమాపో అంటున్నారట. పైడిస్వామి లోపలికి వెళ్ళి జోలె తెచ్చి అసిరయ్య భుజానికి తగిలించారు. ఆశీర్వాదంగా ఏవో నాలుగు మాటలు చెబుతారేమోనని అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన జోలె పట్టీ మెలిక తిరిగితే సరిచేసి ఊరుకున్నారు.

కింద దారి మంచులోకి దిగిపోతూ రెండు మలుపుల తర్వాత కనపడకుండా పోయింది. అసిరయ్య కొంచెం దూరం వెళ్ళి, ఏదో అనుమానం వచ్చినవాడిలా వెనక్కి వచ్చాడు.

"సామీ, రేపు మా ఊర్లో ఎవులైనా వొచ్చి నేర్పమంటే, పాట ఎక్కణ్ణించి మొదలెట్టాల?"

పైడిస్వామి అతని వైపు చూశారు.

"ఎవులికి బాగునేదు?" అన్నారు.